కళ్లెం కొరికే గుర్రానికి ఏ కళ్లెం?
పొగరు అనుకునే ముందు నోరు చూడాలి - ముళ్ల కళ్లెం పరిష్కారం కాదు

గుర్రం కొనేవాళ్లు కాళ్లు చూస్తారు. సుడులు చూస్తారు. పెదవి ఎత్తి పళ్లు చూసి వయసు కడతారు. పది అడుగులు నడిపించి కుంటు వుందేమో చూస్తారు. ఆ గుర్రం నోట్లో రోజూ వుండే ఇనుప ముక్కను మాత్రం చూసేవాళ్లు తక్కువ. గుర్రంతో పాటు వచ్చిన కళ్లెమే ఆఖరు దాకా వుంటుంది. అది పాత గుర్రానిది కావచ్చు, పెద్ద గుర్రానిది కావచ్చు, తుప్పు పట్టినది కావచ్చు. సరిపోయిందా లేదా అనే ప్రశ్నే రాదు.

నాలుగు రోజులకు గుర్రం కళ్లెం కొరకడం మొదలుపెడుతుంది. పళ్లు పటపటలాడిస్తుంది, నోరు తెరుస్తుంది, నాలుక పక్కకు వేలాడేస్తుంది, మోర ఎత్తి తల విదిలిస్తుంది. అప్పుడు దానికి 'పొగరు గుర్రం' అని పేరు పడుతుంది. పొగరు అణచాలని ఇంకా గట్టి కళ్లెం తెస్తారు. నొప్పి పెరిగి గుర్రం ఇంకా కొరుకుతుంది. చివరకు సంతలో సగం ధరకు అమ్ముడవుతుంది. సంతల్లో బేరం ఇలాగే సాగుతుంది. "కళ్లెం కొరుకుతోందేటి మావా?" అని కొనేవాడు అడిగితే, "పడుచుది గదా అల్లుడూ, హుషారు మరి!" అని అమ్మేవాడు అంటాడు. అది హుషారా, బాధా అని ఇద్దరిలో ఎవరూ నోరు తెరిచి చూడరు.

గుర్రాన్ని నమ్ముకున్న కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. ఏటవాలు దారిలో బస్తాతో దిగుతున్న గుర్రం నొప్పికి తల విదిలిస్తే అడుగు తప్పుతుంది. బండి గుర్రం రోడ్డు మీద కళ్లెం పట్టేసుకుంటే పగ్గం పనిచెయ్యదు. నోరు పుండైన గుర్రం మేత మానేస్తుంది. మేత మానేసిన గుర్రం పని చెయ్యలేదు. అందుకే ఈ విషయం వివరంగా చెప్పుకోవాలి.

జట్కాలు పోయినా గుర్రాలు పోలేదు

ఒకప్పుడు విజయనగరం, శ్రీకాకుళం వంటి పట్టణాల్లో రైలు దిగినవాళ్లకు జట్కాయే దిక్కు. శ్రీకాకుళం రోడ్డు స్టేషను అసలు శ్రీకాకుళంలో లేదు, ఆమదాలవలసలో వుంది. అక్కడ దిగినవాళ్లు పట్టణం చేరడానికి మళ్లీ బండి వెతుక్కోవలసిందే. బస్సులు, రిక్షాలు, ఆ తరువాత ఆటోలు వచ్చాక జట్కాలు వెనకబడ్డాయి. దేశం మొత్తం మీద కూడా ఇదే పరిస్థితి. 2019 పశుగణనలో గుర్రాలు, పొట్టి గుర్రాలు కలిపి సుమారు 3 లక్షల 40 వేలు తేలాయి. 2012 లెక్కతో పోలిస్తే సుమారు 45 శాతం తగ్గిపోయాయి.

అయినా గుర్రం మన ప్రాంతాన్ని పూర్తిగా వదిలిపోలేదు. తూర్పు కనుమల్లో రోడ్డు లేని కొండ గ్రామాలకు బియ్యం, ఉప్పు, సంత సామాను గుర్రం వీపు మీదే ఎక్కుతున్నాయి. పాడేరు, చింతపల్లి వైపు ఏజెన్సీలో గిరిజన కుటుంబాలకు పొట్టి గుర్రం ఇంటి బండి వంటిది. మైదానంలో పెళ్లి ఊరేగింపులకు, తీర్థాల్లో పరుగు పందాలకు, విశాఖ సముద్రతీరంలో పిల్లల సవారీకి గుర్రాలను పెంచేవాళ్లున్నారు. అయితే జట్కాలు తగ్గడంతో పాటు జట్కావాళ్ల తెలివి కూడా తగ్గిపోయింది. కళ్లెం కొలత తీసే పెద్దవాళ్లు, గుర్రపు సామాను బాగుచేసే తోలుపనివాళ్లు ఇప్పుడు అరుదు. కొత్తగా గుర్రం కొన్న కుర్రవాడికి చెప్పేవాడు లేడు.

కళ్లెం చరిత్ర పాతదే

కళ్లెం ఈనాటిది కాదు. నాగపూరు దగ్గర మహుర్‌ఝరి వంటి చోట్ల రాతి వలయాల సమాధులు తవ్వినప్పుడు గుర్రాల ఎముకలతో పాటు ఇనుప కళ్లేలు కూడా దొరికాయి. సంస్కృతంలో కళ్లేనికి ఖలీనమని పేరు. గ్రీకు మాట 'ఖలినోస్' నుంచి అది వచ్చిందని భాషావేత్తలు చెబుతారు. గుర్రాల వ్యాపారంతో పాటు మాట కూడా దేశాలు దాటిందన్నమాట. మన అరసవల్లి సూర్యనారాయణస్వామి రథానికి ఏడు గుర్రాలు, పగ్గాలు పట్టినవాడు అనూరుడు. గుర్రమూ పగ్గమూ మన జిల్లాకు కొత్తవి కావు.

సుమారు 2,400 ఏళ్ల క్రితం గ్రీకు దేశంలో జెనోఫోన్ అనే ఆయన గుర్రపు స్వారీ మీద పుస్తకం రాశాడు. మన విషయానికి పనికివచ్చే మాట అందులో వుంది. కళ్లెం బిర్రుగా కర్రలా వుండకూడదట, కీళ్ల దగ్గర ఆడుతూ వుండాలట. బిర్రు కళ్లేన్ని గుర్రం ఒకే చోట పళ్లతో పట్టేసుకుంటుంది. ఆడే కళ్లెమైతే ఎక్కడ పట్టుకున్నా మిగతాది జారిపోతుంది. అందువల్ల దానిని పట్టుకోవడం మాని నాలుకతో ఆడుకుంటుంది. కళ్లెం కొరికే గుర్రం సమస్య అంత పాతది.

గుర్రం నోట్లో ఏముంది?

గుర్రం నోరు దేవుడు కళ్లెం కోసమే చేశాడా అనిపిస్తుంది. ముందు పైన ఆరు, కింద ఆరు కోత పళ్లు వుంటాయి. వెనక దవడ పళ్లు 24. ఈ రెంటికీ మధ్య పళ్లు లేని ఖాళీ చిగురు వుంటుంది. కళ్లెం కూర్చునేది అక్కడే. మగ గుర్రానికి ఆ ఖాళీలో కోరపళ్లు నాలుగు వస్తాయి కనుక మొత్తం 40 పళ్లు. ఆడ గుర్రానికి కోరపళ్లు సాధారణంగా రావు కనుక 36.

ఆ ఖాళీ చిగురు మెత్తని దిండు కాదు. పల్చని చర్మం, దాని కింద కత్తి వెన్నులా సన్నని ఎముక. మన మోకాలి కింద ముందు ఎముక మీద ఇనుపకడ్డీ ఆనించి లాగితే ఎలా వుంటుందో అలా వుంటుంది. అదే పనిగా దెబ్బ తగిలితే ఎముక మీద బొడిపెలు కడతాయి. కడ్డీ నాలుక మీద, చిగురు మీద, పెదవి మూలల మీద ఒత్తుతుంది. కొన్ని రకాల కళ్లేలు గడ్డం కింద కూడా ఒత్తుతాయి. ఏ కళ్లెం ఎక్కడ ఒత్తుతుందో తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే.

ఏది ఆట, ఏది బాధ?

కళ్లెం నమలడం అంతా చెడ్డది కాదు. పెదవులు మూసుకుని నాలుకతో నెమ్మదిగా కడ్డీని కదిలిస్తూ, పెదవుల దగ్గర కాస్త తెల్లని నురగ తేలుతూ, చెవులు స్థిమితంగా వుంటే ఆ గుర్రం బాగున్నట్టే. దానిని ఆపనవసరం లేదు.

నోరు బార్లా తెరవడం, పళ్లు కొరకడం, నాలుకను కడ్డీ మీదకు వేసుకోవడం, ఒకే వైపుకు తల లాగడం, కళ్లెం చూడగానే తల పైకెత్తడం, చొంగలో ఎర్రజీర కనబడడం - ఇవి బాధ గుర్తులు. ఒక్క నిమిషం నిలబడి చూస్తే ఈ తేడా ఎవరికైనా తెలుస్తుంది.

ముందు నోరు, తరువాత కళ్లెం

కొత్త కళ్లెం కొనకముందు చెయ్యవలసిన పని ఒకటుంది. కళ్లెం పూర్తిగా తీసేసి గుర్రం మేత తినడం చూడాలి. తింటూ నమిలిన గడ్డి ముద్దలు కింద పడేస్తోందా? ఒక పక్కకు తల వంచి నములుతోందా? పేడలో ఉలవలు నలగకుండా వస్తున్నాయా? నోటి నుంచి దుర్వాసన వస్తోందా? వీటిలో ఏది వున్నా తప్పు కళ్లేనిది కాదు, పళ్లది. అటువంటి గుర్రానికి బంగారు కళ్లెం పెట్టినా కొరుకుతుంది.

గుర్రం పై దవడ వెడల్పు, కింది దవడ ఇరుకు. పళ్లు జీవితమంతా కొద్దికొద్దిగా పైకి వస్తూ అరుగుతుంటాయి. రెండు దవడలూ సమానం కానందువల్ల పై పళ్లకు బుగ్గ వైపు, కింది పళ్లకు నాలుక వైపు అరగని అంచులు మిగిలి కత్తుల్లా తయారవుతాయి. పగ్గం లాగినప్పుడల్లా బుగ్గ ఆ అంచులకు ఒరుసుకుంటుంది. పశువైద్యుడు పొడుగు ఆకురాయితో ఆ అంచులు రాసి నున్న చేస్తారు. ఏడాదికి ఒకసారి పళ్లు చూపించడం మంచిది. ఇంటి ఆకురాయితో మనమే రాయడం మాత్రం ప్రమాదం.

ఇంకొకటి, కొన్ని గుర్రాలకు పై దవడ పళ్ల ముందు బఠాణీ గింజంత చిన్న పన్ను మొలుస్తుంది. కళ్లెం దానికి తగిలితే గుర్రం ఉలిక్కిపడుతుంది. అవసరమైతే వైద్యుడు దానిని తీసేస్తారు.

వయసు కూడా చూడాలి. గుర్రానికి రెండున్నర ఏళ్ల నుంచి నాలుగున్నర ఏళ్ల దాకా పాలపళ్లు ఊడి అసలు పళ్లు వస్తాయి. పళ్లు వచ్చే పసిపిల్ల దొరికినదల్లా కొరికినట్టే పడుచు గుర్రమూ కళ్లెం, తాడు, తోలుపట్టీ అన్నీ కొరుకుతుంది. చిగుళ్లు వాచి వున్న రోజుల్లో కళ్లెం మానేసి తలపట్టీతో నడిపించుకోవడం ఉత్తమం.

ఒక హెచ్చరిక. గుర్రం హఠాత్తుగా విపరీతంగా చొంగ కారుస్తూ, మింగలేక, వింతగా ప్రవర్తిస్తుంటే నోట్లో చెయ్యి పెట్టవద్దు. పిచ్చికుక్క కరిచిన గుర్రానికి కూడా ఇటువంటి లక్షణాలే వస్తాయి. దూరంగా కట్టి వెంటనే పశువైద్యునికి కబురు చెయ్యాలి. దవడలు బిగుసుకుపోతే ధనుర్వాతం కావచ్చు. అది కూడా ఆలస్యం చెయ్యకూడనిదే.

కొలతకు పురికొస చాలు

నోరు బాగుందని తేలాక కళ్లెం కొలత చూడాలి. దీనికి పెద్ద పరికరాలు అక్కరలేదు. జానెడున్నర పురికొస తీసుకుని ఒక చివర ముడి వెయ్యాలి. పెదవి మూలల దగ్గర, కళ్లెం కూర్చునే చోట, నోట్లో నుంచి అడ్డంగా తియ్యాలి. ముడి ఒక పెదవి పక్కన ఆనగా, రెండవ పెదవి పక్కన వేలితో పట్టుకుని అక్కడ మరో ముడి వెయ్యాలి. రెండు ముడుల మధ్య దూరమే నోటి వెడల్పు. దానికి రెండు వైపులా కలిపి అర అంగుళానికి మించకుండా కలిపితే కళ్లెం పొడవు వస్తుంది. కీలు కళ్లెమైతే తిన్నగా చాచి కొలవాలి. మన పొట్టి గుర్రాలకు ఎక్కువగా 4 నుంచి 5 అంగుళాల మధ్యే సరిపోతుంది. పెద్ద గుర్రాల కొలతకు చేసిన కళ్లెం వీటి నోట్లో వదులుగా ఆడుతుంది.

పొడవు తక్కువైతే రింగులు పెదవులను నొక్కి పుండ్లు చేస్తాయి. ఎక్కువైతే కడ్డీ అటూ ఇటూ జారి కీలు పక్కకు పోతుంది. అప్పుడు దవడ పళ్లకు అందుతుంది, గుర్రం పట్టేసుకుంటుంది. కళ్లెం కొరకడానికి పొడవెక్కువ కళ్లెం పెద్ద కారణం.

ఇక లావు. సన్నని కడ్డీ కోస్తుంది, లావు కడ్డీ మెత్తగా వుంటుంది అనే మాట సగం నిజం. చిన్న నోరు, మందపు నాలుక వున్న పొట్టి గుర్రానికి బొటనవేలంత కడ్డీ పెడితే నోరు మూసుకోవడానికే చోటుండదు. మూయలేక తెరుస్తుంది, మనం పొగరంటాం. అటువంటి నోటికి చిటికెన వేలంత లావు చాలు.

ఎత్తు కూడా ముఖ్యమే. కళ్లెం పెట్టాక పెదవి మూలలో ఒక్క ముడత పడితే సరిగా వున్నట్టు. మూడు ముడతలు పడి గుర్రం నవ్వుతున్నట్టుంటే బాగా పైకి లాగినట్టు. ముడతే లేకుండా కిందికి వేలాడితే మగ గుర్రానికి కోరపళ్లకు తగులుతుంది, నాలుక కడ్డీ మీదకు వస్తుంది. తలపట్టీ ఒక్క రంధ్రం పైకో కిందికో మార్చడంతోనే కొరకడం మానిన గుర్రాలుంటాయి. పైసా ఖర్చు లేని వైద్యం ఇది. ముక్కు మీది పట్టీ కింద రెండు వేళ్లు దూరేటంత వదులుండాలి. నోరు తెరుస్తోందని ఆ పట్టీ బిగించి కడితే నొప్పి కనబడకుండా పోతుందే గాని పోదు.

రకరకాల కళ్లేలు

మొదటిది సూటి కడ్డీ. నాలుక మీద ఎక్కువ ఒత్తుతుంది. అదే కడ్డీ కాస్త విల్లులా వంపు తిరిగి వుంటే నాలుకకు చోటిస్తుంది. నాలుక పైకి వేసే గుర్రానికి, కీలు చూస్తే చికాకుపడే గుర్రానికి వంపు కడ్డీ బాగుంటుంది.

రెండవది మధ్యలో ఒక కీలున్నది. ఎక్కువగా దొరికేది ఇదే. పగ్గం లాగితే అడకత్తెరలా మడతపడుతుంది. నాలుకను పక్కల నుంచి నొక్కి, చిగురు మీద ఒత్తుతుంది. అంగిలి లోతు తక్కువైన గుర్రానికి ఆ కీలు పైకి పొడుచుకుంటుంది. అందుకే పగ్గం లాగగానే నోరు తెరుస్తుంది. కీలు అరిగి సందు ఏర్పడితే చర్మం అందులో ఇరుక్కుంటుంది. అటువంటి పాత కళ్లేన్ని ఇక వాడకూడదు.

మూడవది రెండు కీళ్లు, మధ్యలో చిన్న నున్నని బిళ్ల. నాలుక చుట్టూ ఒదిగి కూర్చుంటుంది, అంగిలికి పొడుచుకోదు. ఒంటి కీలు కళ్లేన్ని కొరికే గుర్రానికి ముందుగా ప్రయత్నించవలసినది ఇదే.

నాలుగవది మధ్యలో రెండు మూడు చిన్న ముక్కలు తాళంచెవుల గుత్తిలా వేలాడేది. కొత్తగా కళ్లెం అలవాటు చేసే పడుచు గుర్రానికి రోజుకు కొద్దిసేపు పెడతారు. నాలుకతో ఆడుకుంటూ కళ్లేనికి అలవాటు పడుతుంది. ఇప్పటికే అతిగా నమిలే గుర్రానికి ఇది తగదు. దానికి ఆట నేర్పనక్కరలేదు, స్థిమితం నేర్పాలి.

రింగుల తేడా కూడా వుంది. కడ్డీ రంధ్రంలో రింగు గిర్రున తిరిగే రకం ఎప్పుడూ కదులుతుంటుంది. చికాకుతో నమిలే గుర్రానికి ఆ కదలిక ఇంకా చికాకు. రింగు కడ్డీకి అతికినట్టుండే రకం నోట్లో నిలకడగా కూర్చుంటుంది, పెదవులను ఇరికించదు. బండి గుర్రానికి ఇదే మేలు.

అయిదవది పక్కల పొడుగు కాడలు, గడ్డం కింద గొలుసు వున్నది. ఇది గునపంతో రాయి లేపినట్టు పనిచేస్తుంది. పై కాడ 2 అంగుళాలు, కింది కాడ 4 అంగుళాలు వుంటే, చేతిలో లాగిన బలం గుర్రం నోటి దగ్గర రెండు మూడు రెట్లవుతుంది. నేర్పు గల చేతికి తప్ప దీనిని ఇవ్వకూడదు. కొరికే గుర్రానికి మందు అని దీనిని కొనడం పొరపాటు. కాడలో రెండు మూడు చోట్ల పగ్గం తగిలించే వీలుంటే, కడ్డీకి దగ్గరగా వున్న చోట తగిలిస్తే తీవ్రత తగ్గుతుంది.

ఆరవది అసలే కళ్లెం లేకపోవడం. మనిషి ముందు నడుస్తూ తాడు పట్టుకు నడిపించే బరువు గుర్రానికి నోట్లో ఇనుము ఎందుకు? ముక్కు ఎముక మీద వెడల్పు పట్టీ వున్న తలపట్టీ చాలు. దారిలో మేత మేస్తుంది, వాగులో నీళ్లు తాగుతుంది. కొండ గ్రామాలవాళ్లు ఇది ఆలోచించాలి.

ఇనుమా, స్టీలా?

మామూలు ఇనుప కళ్లేనికి పైపైన ఎర్రగా పట్టే తుప్పు గుర్రానికి చేదు కాదు. ఆ రుచికి నోట్లో తడి ఊరుతుందని కొందరు కావాలనే వాడతారు. రాగి కలిసిన కడ్డీకి కూడా అదే గుణం. కాని తుప్పు గుంటలు పడి గరుకెక్కితే చర్మం గీరుకుపోతుంది. పైపూత లేచిన కళ్లెం మరీ చెడ్డది. పూత అంచు బ్లేడు వంటిది. నున్నని స్టీలు కడ్డీ శుభ్రం చెయ్యడానికి సులువు. కళ్లెం వేసే ముందు కడ్డీ అంతటా వేలు పెట్టి రాసి చూడాలి. మన వేలికి గరుకు తగిలితే గుర్రం నాలుకకు ముల్లు తగిలినట్టే.

కడ్డీకి గుడ్డ చుట్టి పెట్టేవాళ్లున్నారు. ఒక పూటకు ఫరవాలేదు. చొంగలో నానిన గుడ్డ రోజుల తరబడి వుంటే కుళ్లిపోతుంది. నమిలి మింగినా ప్రమాదమే. మెత్తగా వుండాలంటే తోలు చుట్టి గట్టిగా కుట్టించి, రోజూ కడిగి ఆరబెట్టాలి. కమ్మరి చేత చేయించుకునేవాళ్లు అంచులు నున్నగా ఆకురాయి పట్టించమని చెప్పాలి. కాన్పూరు గుర్రపు సామానుకు బ్రిటిషు కాలం నుంచీ పేరుంది. అక్కడి సామాను తెప్పించుకునేవాళ్లు పైన చెప్పిన కొలత రాసి పంపితే పొరపాటు జరగదు.

ఒక గుర్రం కళ్లెం ఇంకో గుర్రానికి కడగకుండా పెట్టరాదు. గ్లాండర్స్ వంటి ప్రమాదకరమైన అంటువ్యాధి ఉమ్మడి సామాను, నీళ్లతొట్ల ద్వారా కూడా పాకుతుంది. అది మనుషులకు సైతం సోకుతుంది. పందాలకు, ఊరేగింపులకు నాలుగు ఊళ్ల గుర్రాలు కలిసే చోట ఈ జాగ్రత్త మరీ అవసరం.

తోలు, తాడు నమిలే గుర్రం

కొన్ని గుర్రాలకు కళ్లెం తీసినా నమలడం ఆగదు. కట్టిన తాడు, పగ్గం, పక్క గుర్రం పట్టీ దేనినీ వదలవు. దీనికి కళ్లెం మార్చి లాభం లేదు. గుర్రం కడుపు రోజంతా కొద్దికొద్దిగా మేసేందుకు తయారైనది. మేత వున్నా లేకపోయినా కడుపులో ఆమ్లం ఊరుతూనే వుంటుంది. పొద్దున్న దాణా పెట్టి సాయంత్రం దాకా స్తంభానికి కట్టేస్తే దవడకు పని లేక దొరికినది నములుతుంది. దాణా ఎంత పెట్టామన్నది కాదు, ఎండుగడ్డి ఎంతసేపు ముందుందన్నది ముఖ్యం. 'గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు' అని సామెత చెప్పి నవ్వుకుంటాం గాని, తిండి దగ్గర గుర్రాన్ని మోసం చెయ్యలేం.

చెమట పట్టే గుర్రానికి ఉప్పు లోటు వస్తుంది. చెమట ఉప్పు అంటిన తోలుపట్టీని నాకడం, నమలడం అందుకే కావచ్చు. ఉప్పుగడ్డ ఒకటి అందుబాటులో వుంచితే చాలా గుర్రాలు తోలు వదిలేస్తాయి. నీళ్లు మాత్రం దగ్గరే వుండాలి.

ఒక్కొక్కటిగా మార్చాలి

సమస్య తెలుసుకునేందుకు ఒక పద్ధతి వుంది. నోటిలో పుండు వుంటే ముందు అది మానాలి. అందాకా వారం పది రోజులు కళ్లెం పెట్టరాదు. తరువాత ఒక్కసారి ఒక్క మార్పే చెయ్యాలి. మొదట ఎత్తు సరిచేసి అయిదారు రోజులు చూడాలి. తగ్గకపోతే పొడవు, ఆ తరువాత రకం మార్చాలి. అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల నయమయిందో తెలియదు.

అన్నిటికీ మించినది తోలేవాడి చెయ్యి. పగ్గం లాగి గుర్రం మాట విన్న మరుక్షణం సడలించాలి. విన్నా విడవకుండా బిగబట్టి కూర్చుంటే, వినడం వల్ల లాభం లేదని గుర్రం నేర్చుకుంటుంది. ఆ బిగువు నుంచి తప్పించుకోవడానికి కడ్డీని పళ్లతో పట్టుకుంటుంది. మంచి చేతిలో ముతక కళ్లెం కూడా మెత్తనే. మొరటు చేతిలో ఎంత మంచి కళ్లెమైనా ముల్లే.

ముళ్ల కళ్లెం చట్ట విరుద్ధం

కడ్డీకి ముళ్లు, పళ్లు, బొడిపెలు వున్న కళ్లేలు దేశంలో ఇంకా చలామణీలో వున్నాయి. మాట వినని గుర్రానికి ఇదే మందు అని అంటగడతారు. ఇది నాలుకను చీలుస్తుంది, పెదవులు కోస్తుంది. మొదట భయానికి గుర్రం ఆగుతుంది. కొన్నాళ్లకు నోటి చర్మం మొద్దుబారి అదీ పనిచెయ్యదు. అప్పుడు ఆ గుర్రాన్ని ఆపే సాధనం ఇంకేదీ వుండదు.

1960లో వచ్చిన జంతుహింస నివారణ చట్టం కింద 1965లో బండి లాగే, బరువు మోసే పశువుల కోసం ప్రత్యేకంగా నియమాలు చేశారు. వాటిలో 8వ నియమం ముళ్ల కళ్లేలను, ముళ్లుకర్రలను, గాయం చేసే పదునైన సామానును నిషేధిస్తోంది. అవే నియమాల ప్రకారం పొట్టి గుర్రం వీపు మీద 70 కిలోలకు మించి వెయ్యరాదు. పశువు చేత రోజుకు 9 గంటలకు మించి పని చేయించరాదు. విరామం లేకుండా 5 గంటలు దాటరాదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు పని చేయించరాదు. అయితే జంతువును హింసించినవానికి చట్టం 11వ సెక్షన్ కింద మొదటి తప్పుకు జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలే. ఒక పూట టీ ఖర్చుకు చట్టం ఏం భయపెడుతుంది? అందుకే ఈ విషయంలో చట్టం కన్నా గుర్రం యజమాని తెలివే ఎక్కువ పని చెయ్యాలి.

కావలసినది ఏమిటి?

విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల వుంది. 2022లో రాష్ట్రంలో సంచార పశువైద్య వాహనాలు ప్రారంభమయ్యాయి, పిలుపు నంబరు 1962. మన పశువుల ఆసుపత్రులకు వచ్చేవి ఎక్కువగా ఆవులు, గేదెలు, మేకలు, కోళ్లు. గుర్రం పళ్లు రాసే పొడుగు ఆకురాయి, నోరు తెరిచి పట్టే పరికరం ప్రతి ఆసుపత్రిలో వుండాలని ఎవరూ అడగడం లేదు. ఏజెన్సీకి దగ్గరగా వున్న కేంద్రాల్లో అయినా ఏడాదికి ఒకసారి సంత రోజున గుర్రాల దంత పరీక్ష శిబిరం పెడితే ఎంతో మేలు. అధికారులకు పెద్ద ఖర్చయ్యే పని కాదిది. సంతకు గుర్రాలు ఎలాగూ వస్తాయి, వాటితో యజమానులూ వస్తారు. నోరు చూసి కళ్లెం కొలత రాసి ఇస్తే చాలు. తీర్థాల్లో పందాలు పెట్టే కమిటీలు కూడా గుర్రం బరిలోకి దిగకముందు నోటిలో ముళ్ల కళ్లెం వుందేమో చూసి, వుంటే పంపించివేయాలి.

గుర్రం కళ్లెం కొరుకుతోందంటే తనకు చేతనైన భాషలో ఏదో చెబుతోంది. పన్ను పొడుస్తోందనో, కడ్డీ పెద్దదనో, కీలు గుచ్చుతోందనో, ఆకలనో. కొరడా తీసే ముందు తలపట్టీ విప్పి, పెదవి ఎత్తి, పురికొసతో కొలిచి చూడడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంట ఖర్చుపెడితే, సగం ధరకు అమ్ముడుపోవలసిన 'పొగరు గుర్రం' మరి పదేళ్లు ఇంటికి తిండి పెడుతుంది.